“తగ్గిందా?” అని అడగకండి: జుట్టు రాలేవాళ్ళ అనుభవం మీద పరిశోధన ఎలా చేయాలి

స్కిన్ ఓపీలో రెండు రోజులు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పాలిథీన్ కవర్లో జుట్టు తెచ్చి బల్ల మీద పెడతారు. “వారం రోజులదండీ ఇది” అంటారు. డాక్టరు గారు కవరు పక్కకి జరిపి తల చూస్తారు. మీ పని మాత్రం ఆ కవరు దగ్గరే మొదలవుతుంది. ఆమె దాన్ని ఎందుకు పోగుచేసింది, ఇంట్లో ఎవరి కంటా పడకుండా ఎక్కడ దాచింది, కవరు ఎంత తేలికైతే మందు పనిచేసిందని నమ్ముతుంది?

ఎం.డి. థీసిస్‌కి ఈ అంశం తీసుకున్న పీజీలకి, ఫార్మ్.డి., సైకాలజీ, సోషల్ వర్క్ విద్యార్థులకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. విశాఖలో ఈ పని చేస్తూ నేను చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి. మీరు వేరే కొత్త తప్పులు చేయండి.

1. ముందు ఏ జుట్టు రాలడమో తేల్చుకోండి

“జుట్టు రాలడం మీద స్టడీ” అని ప్రపోజల్ రాస్తే గైడ్ వెనక్కి పంపాలి. పంపకపోతే మీ దురదృష్టం. బయటికి ఒకేలా కనిపించినా ఇవి వేరువేరు జబ్బులు, రోగి దేన్ని నయమవడం అంటాడో కూడా ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది.

వంశపారంపర్యంగా, హార్మోన్ల వల్ల మెల్లగా పలచబడేది ఒకటి. మగవాళ్ళకి నుదురు పైకి జరుగుతుంది, ఆడవాళ్ళకి పాపిడి వెడల్పవుతుంది. ఇక్కడ చాలామంది కోరేది “ఉన్నది నిలిస్తే చాలు” అనే. పేనుకొరుకుడు ఇంకోటి. పేరులో పేను ఉంది గానీ జబ్బులో లేదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. రూపాయి బిళ్ళంత మచ్చతో మొదలై కొందరిలో తల మొత్తం, కనుబొమలు, రెప్పల వెంట్రుకల దాకా పోతుంది. వీళ్ళు “నిలిస్తే చాలు” అనరు, మొత్తం రావాలంటారు. మూడోది టైఫాయిడో డెంగీనో వచ్చిపోయాక, కాన్పయ్యాక, పెద్ద ఆపరేషన్ అయ్యాక రెండు మూడు నెలలకి గుప్పెళ్ళతో రాలేది. ఇది చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది, కానీ రాలుతున్నంతసేపు ఆ మాట ఎవరికీ చెవికెక్కదు. నాలుగోది కుదుళ్ళు మచ్చపడి చచ్చిపోయేది. పోయిన చోట జుట్టు మళ్ళీ రాదు, అక్కడ గెలుపంటే జబ్బు పాకకుండా ఆగడం, మంట, దురద తగ్గడం. ఇక కీమోథెరపీ వల్ల ఊడేది వేరే ప్రపంచం. ప్రాణం గురించిన భయం పక్కనుంటే జుట్టు గురించి ఏడవడానికి కూడా మనిషి సంకోచిస్తాడు.

ఒక స్టడీకి ఒకటే తీసుకోండి. రెండు తీసుకుంటే పోల్చడానికే తీసుకోవాలి.

2. ఇప్పటికే ఉన్న కొలతలు తెలుసుకోండి, వాటికి అందనిదేంటో కూడా

పేనుకొరుకుడుకి ప్రపంచమంతా వాడేది సాల్ట్ (SALT) స్కోరు. నెత్తిని నాలుగు భాగాలు చేస్తారు: పైభాగం 40 శాతం, వెనక 24, రెండు పక్కలూ 18 చొప్పున. ఒక్కో భాగంలో ఎంత పోయిందో చూసి కలుపుతారు. పైభాగంలో సగం పోతే 20, వెనక పావు వంతు పోతే 6, మొత్తం 26. సున్నా అంటే నిండు జుట్టు, 100 అంటే ఒక్కటీ లేదు.

కొత్త మందుల ట్రయల్స్‌లో గెలుపు గీత 20 దగ్గర గీశారు, అంటే నెత్తి మీద 80 శాతం జుట్టు ఉండాలి. ఆ గీత డాక్టర్లు తమంతట తాము గీసింది కాదు. అమెరికాలో చర్మవైద్యుల్నీ, ఈ జబ్బున్నవాళ్ళనీ కూర్చోబెట్టి “ఎంత వస్తే వైద్యం ఫలించిందంటారు?” అని అడిగి తేల్చారు. 2020లో అచ్చయింది. మీరు చేయబోయే రకం పనే అది. 2022 జూన్‌లో అమెరికాలో బారిసిటినిబ్ అనే మందుని పేనుకొరుకుడుకి వాడే అనుమతి వచ్చింది ఆ గీత మీదే: రెండు పెద్ద ట్రయల్స్‌లో 4 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్ళలో 36 వారాలకి ఒకదాంట్లో 38.8 శాతం, ఇంకోదాంట్లో 35.9 శాతం మంది ఆ గీత దాటారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో దాటింది 6.2, 3.3 శాతం.

ఇప్పుడు అసలు సంగతి. సాల్ట్‌లో కనుబొమలు లేవు, రెప్పలు లేవు. నెత్తి నిండా జుట్టొచ్చినా కనుబొమలు రాని మనిషికి చెమట నేరుగా కళ్ళలోకి దిగుతుంది. విశాఖ ఉక్కపోతలో అది చిన్న విషయం కాదు. రెప్పల్లేకుండా బండి మీద వెళ్తే దుమ్మంతా కంట్లోనే. పైగా జుట్టు రాక మిగిలిన ఆ 20 శాతం ఎక్కడ మిగిలిందన్నది కూడా లెక్కే. మెడ దగ్గర మిగిలితే జడ కప్పేస్తుంది, పాపిట్లో మిగిలితే ఏదీ కప్పదు. పలచబడిన జుట్టున్న ఒకావిడ నాతో అంది, “పాపిట్లో కుంకుమ పెట్టుకుంటే నెత్తంతా పాకినట్టుంటోందండీ, అందుకే మానేశాను.” ఏ స్కోరూ ఈ కుంకుమని కొలవదు.

చర్మవ్యాధుల వల్ల బతుకెంత ఇబ్బంది పడుతోందో అడిగే పది ప్రశ్నల ఫారం ఒకటుంది, డీఎల్‌క్యూఐ అంటారు. 1994 నుంచి వాడుకలో ఉంది. గడిచిన వారం గురించి అడుగుతుంది, మొత్తం 30 మార్కులు. వాడండి, కానీ అందులో ప్రతి ప్రశ్నా “మీ చర్మం” అని అడుగుతుంది. జుట్టు రాలేవాళ్ళు “నా చర్మానికేమండీ, బాగానే ఉంది” అని సున్నాలు పెట్టేస్తారు. స్కోరు తక్కువొచ్చిందని బాధ తక్కువని రాసేయకండి. ఇంకో మాట, ఇలాంటి ఫారాలకి హక్కుదారులుంటారు. అనుమతి అడగండి, మీ సొంత అనువాదాన్ని గుట్టుగా వాడేయకండి.

3. అనుమతులు

మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయొద్దు. “మాటలే కదా, రక్తం తీయడం లేదు కదా” అనే వాదన చెల్లదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు మాటల పరిశోధనకీ వర్తిస్తాయి. ఏడేళ్ళు నిండి పద్దెనిమిది నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. చదువు రానివాళ్ళకి సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి.

సమ్మతి పత్రం భాష చూసుకోండి. నేను మొదట రాసింది “ఈ అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు” అని మొదలయ్యేది. ఒక పెద్దావిడ అంతా విని, సంతకం పెట్టేముందు అడిగింది, “ఆపరేషన్ ఏదైనా చేస్తారా అమ్మా?” ఆవిడ లెక్కలో ఆసుపత్రిలో సంతకం అంటే ఆపరేషనే. ఆ రాత్రి కూర్చుని తిరగరాశాను: “మీకిష్టమైతేనే మాట్లాడండి. వద్దంటే మీ వైద్యం ఏమీ ఆగదు. మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనరు. మీ మాట ఫోన్‌లో రికార్డు చేస్తాను, మీ పేరు ఎక్కడా రాయను.”

తల ఫోటోలు తీస్తే అవి మీ సొంత ఫోన్ గ్యాలరీలో ఉండకూడదు. వాట్సాప్‌లో గైడ్‌కి పంపడం అసలే వద్దు.

ఒక్క ఏర్పాటు తప్పనిసరిగా చేసుకోండి. జుట్టు గురించి మొదలైన మాట చచ్చిపోవాలనిపిస్తోంది అనే దాకా వెళ్ళొచ్చు. అప్పుడు ఏం చేయాలో ముందే రాసి ఉండాలి: రికార్డింగ్ ఆపడం, మనిషిని ఒంటరిగా పంపకపోవడం, అదే రోజు సైకియాట్రీ డాక్టరుకి చూపించడం. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 మీ ఫైలు అట్ట మీదే రాసిపెట్టుకోండి.

4. ఎవరితో, ఎక్కడ, ఎంతమందితో

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా వస్తారు. వాళ్ళని క్యూలో ఉండగా కదిలిస్తే ఒళ్ళంతా చెవులు చేసుకుని తమ నంబరు కోసం వింటుంటారు, మీ ప్రశ్న వినరు. డాక్టరు చూడటం, మందులు తీసుకోవడం రెండూ అయ్యాకే అడగండి. తిరుగు బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి చేరడానికి అరగంట వదిలేసి, మిగిలిన టైములోనే ముగించండి. బస్సు ఛార్జీ, టీ ఖర్చు మీ బడ్జెట్‌లో పెట్టండి.

కానీ ఆసుపత్రికి వచ్చినవాళ్ళనే అడిగితే సగం కథే దొరుకుతుంది. డాక్టరు దాకా రాకుండా నూనెలు, షాంపూలు మార్చుకుంటూ ఉండేవాళ్ళు, వచ్చి మానేసినవాళ్ళు బయటే ఉన్నారు. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఒక బ్యూటీ పార్లర్, ఒక సెలూన్ వాళ్ళని మంచి చేసుకోండి. మగవాళ్ళ బట్టతల మొట్టమొదట కనిపెట్టేది సెలూన్ అతనే. “అన్నా, వెనకాల కొంచెం పలచబడింది” అని రెండో అద్దం పట్టి చూపించిన ఆ క్షణం చాలామందికి తేదీతో సహా గుర్తుంటుంది.

ఎంతమంది? కొత్త సంగతులు రావడం ఆగేదాకా. పశ్చిమ ఆఫ్రికాలో రెండు దేశాల ఆడవాళ్ళతో చేసిన 60 ఇంటర్వ్యూలని మళ్ళీ తిరగేసి చూసి, మొదటి 12లోనే దాదాపు అన్ని విషయాలూ వచ్చేశాయని 2006లో ఒక వ్యాసం వచ్చింది. అప్పటి నుంచి అందరూ 12 అనేస్తున్నారు. అక్కడ మాట్లాడింది ఒకే రకం వాళ్ళతో. మీ దగ్గర పెళ్ళికాని అమ్మాయి, స్టీల్ ప్లాంట్‌లో రోజంతా హెల్మెట్ పెట్టుకునే కార్మికుడు, రిటైరైన టీచరమ్మ ఉన్నారంటే పన్నెండు చాలదు. ఇరవై దాటడానికి సిద్ధపడండి.

గది గురించి. మొదటి నాలుగు ఇంటర్వ్యూలు ఒక ఆసుపత్రి వరండాలో బెంచీ మీద చేశాను. ఒకావిడ పక్కన భర్త కూర్చున్నాడు. నేను ఆమెని అడుగుతున్నాను, ఆయన చెబుతున్నాడు. “అంత పట్టించుకోదండీ, మామూలుగానే ఉంటుంది.” ఆమె నేల చూపులు చూస్తోంది. తర్వాత ఒక ఉపాయం పట్టాను. తోడొచ్చినవాళ్ళకి వేరే చిన్న ఫారం పెట్టి, మా ఫ్రెండ్ వేరే గదిలో వాళ్ళతో నింపించేది. ఆయన్ని బయటకి పొమ్మన్నట్టూ ఉండదు, ఆయనకీ మర్యాద దక్కుతుంది. తెల్లకోటు మాత్రం ఇంటర్వ్యూలో వేసుకోకండి. కోటు చూస్తే “బాగానే ఉందండీ” అనడం మనవాళ్ళ సంస్కారం.

5. ఎలా అడగాలి

“జుట్టు రాలడం వల్ల మీకు బాధగా ఉంటుందా?” ఇది పనికిరాని ప్రశ్న. అవును అంటారు, అంతటితో అయిపోతుంది. బాధ గురించి అడగొద్దు, నిన్నటి గురించి అడగండి: “నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి.” ఇలా వస్తుంది:

“ఏటుందండీ, లెగ్గానే తలగడ సూసుకుంతాను. ఎన్నున్నాయో లెక్కెడతాను. నిన్న ముప్పై రెండు. మొన్న ఇరవై ఆరు. స్నానం కాడ లెక్కెట్టలేను కదా, అందుకని జాలీకి అంటుకున్నాయి తీసి గోడకి అంటించి సూస్తాను.”

ఈ ఒక్క జవాబులో మీకు ఎన్ని దొరికాయో చూడండి. ఆమె రోజూ కొలుస్తోంది. ఆమెకంటూ ఒక లెక్కల పుస్తకం ఉంది. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలేనని డాక్టరు చెప్పినా, ఆమెకి మొన్నటి మీద నిన్న ఆరు పెరిగాయి. “రాలడం ఆగిందా?” అని అడిగితే ఆమె ఈ అంకె చూసే చెబుతుంది.

ఎక్కడ తడిమితే మాట వస్తుందో నాకు తెలిసినవి ఇస్తాను. దువ్వెన. బాత్‌రూమ్ జాలీ. సెల్ఫీలు, పెళ్ళి గ్రూప్ ఫోటోలో ఎక్కడ నిలబడతారన్నది. పూలు (జడ సన్నబడితే మల్లెదండ జారిపోతుంది, ఆ మాట చెప్పేటప్పుడు చాలామంది గొంతు మారుతుంది). పెళ్ళిచూపులు. హెల్మెట్, ఇది విచిత్రం, దానివల్లే ఊడిందని తిడతారు, అదే కప్పుతోందని తీయరు. ఇంకొకటి విశాఖకే ప్రత్యేకం, బీచ్. “ఈమధ్య బీచ్‌కి వెళ్ళారా?” అని అడగండి. సముద్రం గాలి జుట్టుని ఒకేసారి పైకి లేపేస్తుంది. ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటూ రెండేళ్ళుగా అటు వెళ్ళని అమ్మాయి నాకు తెలుసు. ఇంట్లోవాళ్ళు చదువు టెన్షన్ అనుకున్నారు.

కళ్ళు తెరుచుకుని ఉండండి, రికార్డరు కన్నా మీరు ఎక్కువ పట్టుకోగలరు. జూన్ నెల, గది ఉడికిపోతోంది. పాతికేళ్ళమ్మాయి వాళ్ళమ్మతో వచ్చి కూర్చుంది, చున్నీ తల మీద. రెండు నిమిషాలయ్యాక “ఫ్యాన్ కట్టేస్తారా మేడమ్?” అంది. “చలేస్తోందా?” అన్నాను తెలివితక్కువగా. కాదంది. లేచి కట్టేశాను. ముగ్గురం చెమటలు కక్కుతూ నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆ రోజు నోట్సులో నేను రాసిన మొదటి వాక్యం ఆమె చెప్పింది కాదు, “ఫ్యాన్ ఆపించింది” అన్నదే. ఆఫీసులో కూడా ఫ్యాన్ కింద సీటు ఇస్తే మార్చుకుందని తర్వాత చెప్పింది.

గుడి సంగతి కూడా అడగండి, మొహమాటపడకుండా. సింహాచలం మెట్ల మీద నుంచి రోజూ ఎన్ని గుండ్లు దిగివస్తాయి! తలనీలాలిచ్చిన ఆడమనిషిని ఎవరూ వింతగా చూడరు. పేనుకొరుకుడుతో తల మొత్తం పోయిన ఒకావిడ ఎవరడిగినా “అప్పన్నకి మొక్కు” అని చెప్పేదట. “మొదటి మూడు నెలలు బాగానే చెల్లిందండీ. తర్వాత మా వీధిలో ఒకామె అడిగేసింది, ‘ఏ మొక్కే ఇది, ఇంకా తీరలేదు?’ అని.” ఆవిడకి ఆ రోజు నుంచి బయటికి రావడం తగ్గింది. ఇక్కడ జుట్టు లేకపోవడం మీద కన్నా, అది తిరిగి రాకపోవడం మీదే మనవాళ్ళ చూపు పడుతోందని నాకనిపించింది. వేరే ఊళ్ళో రాసిన ప్రశ్నాపత్రంలో ఇది ఉండదు.

కారణం ఏమనుకుంటున్నారో అడిగి, వచ్చింది దిద్దకండి. బోరు నీళ్ళు, దిష్టి, షాంపూ, రాత్రి పురుగు కొరకడం, ఏదైనా సరే. కాన్పైన ఒకమ్మాయి “పాప నవ్వడం మొదలెడితే తల్లి జుట్టు రాలుద్దని మా అత్త చెప్పింది” అంది. పిల్లలు నవ్వడం మొదలెట్టేదీ, కాన్పు తర్వాత జుట్టు రాలేదీ ఇంచుమించు ఒకే కాలం. అత్తగారి లెక్క తప్పు కాదు, కారణమే వేరు. ఆ వివరం ఇంటర్వ్యూ అయ్యాక చెప్పండి, మధ్యలో కాదు.

6. “నయమైంది” అంటే ఏంటో పట్టుకోవడం

అన్నిటికన్నా కష్టం ఇదే. నేను బాగా దెబ్బతిన్నదీ ఇక్కడే.

తెలుగులో “తగ్గింది” అంటే జబ్బు నయమైందని. జ్వరం తగ్గింది, నొప్పి తగ్గింది. జుట్టు విషయంలో అదే మాట తిరగబడుతుంది. మొదటి ఫారంలో “మందు వాడాక తగ్గిందా?” అని పెట్టాను. “అవునండీ, చాలా తగ్గిపోయింది” అని రాసిచ్చారు. రాలడం తగ్గిందా, జుట్టు తగ్గిందా? పదకొండు ఫారాలు అలాగే నింపాక గమనించాను. మళ్ళీ ఫోన్లు చేస్తే ఇద్దరి జవాబు నేను అనుకున్నదానికి పూర్తిగా వ్యతిరేకం. కాబట్టి రాలడం వేరు, ఒత్తు వేరు, మచ్చ పూడటం వేరు, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న.

రెండో గుంట “ఫర్వాలేదు”. అది బాగుందనీ అవ్వొచ్చు, అంతంతమాత్రమనీ అవ్వొచ్చు, మిమ్మల్ని నొప్పించడం ఇష్టం లేదనీ అవ్వొచ్చు. జవాబుల్లో ఈ మాట పెట్టకండి. నోటితో అంటే “ఫర్వాలేదంటే ఎలా, కాస్త చెప్పండి” అని ఆగండి. నిశ్శబ్దం భరించడం నేర్చుకోండి.

“కొంచెం మెరుగు”, “ఒక మోస్తరు మెరుగు”, “చాలా మెరుగు” అని ఏడు మెట్లు పెట్టే విదేశీ ఫారాలు మనదగ్గర తడబడతాయి, “కొంచెం”కీ “ఒక మోస్తరు”కీ తేడా ఎవరూ చెప్పలేరు. పెద్దవాళ్ళు తమంతట తామే “రూపాయికి పావలా వంతు వచ్చిందండీ” అంటారు. పావలా, అర్ధ రూపాయి, ముప్పావలా, రూపాయి. ఇంతకన్నా మంచి స్కేలు నాకు దొరకలేదు. కుర్రవాళ్ళకి మాత్రం పావలా తెలీదు, వాళ్ళకి ఫోన్ ఛార్జింగ్ శాతం పెట్టి అడగండి.

బొమ్మల కార్డులు చేసుకోండి. తల పైనుంచి చూసినట్టు గీసిన ఆరు బొమ్మలు, జుట్టు అసలు లేని దగ్గర్నుంచి నిండుగా ఉన్నదాకా. ఫోటోలు వద్దు, ఫోటోలోని మనిషి అందం చూసి మాట్లాడతారు. కార్డులు బల్ల మీద పరిచి మూడు ప్రశ్నలు అడగాలి, ఈ వరసలోనే.

“ఇప్పుడు మీరు ఏ కార్డు దగ్గర ఉన్నారు?”

“ఏ కార్డుకి వస్తే, ఇక చాలు, ఈ మందు ఫలించింది అంటారు?”

“ఏ కార్డు దాకా కూడా రాకపోతే మందు మానేస్తారు? ఎన్నాళ్ళు చూసి?”

మూడోది చాలామంది అడగరు. అడగాలి. జుట్టు కోసం తలకి రాసుకునే మందు మినాక్సిడిల్‌కి ఫలితం కనబడాలంటే నెలలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరికి రాలడం ఇంకా ఎక్కువవుతుంది కూడా. రోగి గడువు రెండు నెలలైతే మందుకి పరీక్ష రాసే అవకాశమే లేదు. గడువు వెనక ఏముందో తవ్వండి. ఒక తండ్రి కూతురి గురించి మాట్లాడుతూ “మాఘమాసం లోపు వచ్చేయాలండీ” అన్నాడు. సంబంధాలు చూస్తున్నారు. ఆయన దృష్టిలో మాఘంలో పావలా వంతు వచ్చినా గెలుపే, శ్రావణంలో రూపాయి వచ్చినా ఓటమే.

కార్డు ఎంచుకున్నాక “ఆ కార్డుకి వచ్చాక మొట్టమొదట ఏం చేస్తారు?” అని అడగండి. “చున్నీ లేకుండా కూరగాయలకి వెళ్తాను.” “నడినెత్తిన పాపిడి తీస్తాను.” “సెలూన్‌లో రెండో అద్దం చూపించమంటాను.” ఈ జవాబులే మీ థీసిస్ వెన్నెముక. 80 శాతం అన్న అంకె పక్కన వీటిని పెడితేనే ఆ అంకెకి అర్థం వస్తుంది.

మందు వాడే బరువు కూడా లెక్కలోకి రావాలి. రెండుపూటలా తలకి రాసుకుని ఆరేదాకా ఆగడం, ఉక్కలో జిడ్డు, నెలనెలా ఖర్చు, బట్టతలకి వాడే ఫినాస్టరైడ్ మాత్ర లైంగిక శక్తి తగ్గిస్తుందేమోనని మగవాళ్ళ భయం (ఇది మగ ఇంటర్వ్యూయర్‌తోనే ఎక్కువమంది చెబుతారు), మాత్ర ఆపితే మళ్ళీ ఊడుతుందేమోనన్న బెంగ. జుట్టు వచ్చినా “ఇలా బతకలేనండీ” అన్నవాళ్ళున్నారు.

7. రాసుకోవడం

చెప్పింది చెప్పినట్టు రాయండి. “సూసుకుంతాను” అంటే అలాగే, “చూసుకుంటాను” అని దిద్దకండి. జుత్తు అంటే జుత్తే. రికార్డింగ్ విని అదే రోజు రాస్తే గంటకి నాలుగైదు గంటలు పడుతుంది, వారం ఆగితే ఇంకా ఎక్కువ.

నేరుగా ఇంగ్లీషులోకి దించడం పెద్ద తప్పు. బెంగ, దిగులు, నామోషీ, చిరాకు, మొహం చెల్లకపోవడం, ఇవన్నీ ఇంగ్లీషు కోడ్లలో (జవాబులకి మనం పెట్టుకునే గుర్తు పేర్లలో) రెండు మాటల కింద నలిగిపోతాయి. నామోషీ నలుగురి ముందు వచ్చేది, బెంగ ఒంటరిగా పడుకున్నప్పుడు వచ్చేది. ఒకటి చున్నీతో పోతుంది, రెండోది పోదు. కోడ్లు తెలుగులోనే పెట్టండి, చివరి రిపోర్టుకి మాత్రం అనువదించండి, పక్కన తెలుగు మాట ఉంచండి.

8. కలిపి చూడటం

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు. ఒక వరసకి ఒక మాట, పక్క గడిలో కోడ్, ఆ పక్క గడిలో ఎవరు, ఏ జబ్బు, మందు మొదలుపెట్టి ఎన్నాళ్ళు. మొదటి అయిదు ట్రాన్స్‌క్రిప్టులు (రికార్డింగ్ విని రాసినవి) మీరూ ఇంకొకరూ విడివిడిగా కోడ్ చేసి పోల్చుకోండి. గొడవ పడతారు, పడాలి.

థీమ్ (చాలా కోడ్లని కలిపే ఒక అంశం) దొరికిందనే సంబరంలో బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేస్తాం. నేను “గాలి భయం” అని ఒక థీమ్ పెట్టి ఫ్యాన్, బీచ్, బస్సు కిటికీ అన్నీ అందులో పోశాను. మళ్ళీ చదివితే బస్సు కిటికీ అన్న మనిషిది తలనొప్పి, జుట్టు కాదు. ప్రతి థీమ్‌కీ ఎదురు సాక్ష్యం వెతకండి. నామోషీ అసలు లేని బట్టతల మనిషి ఒకడైనా దొరుకుతాడు. అతన్ని వదిలేయకుండా ఎందుకు లేదో రాయండి.

ఇలాంటి మాటల పరిశోధన రిపోర్టుకి కోరెక్ (COREQ) అనే 32 అంశాల చెక్‌లిస్టు ఉంది, 2007 నాటిది. చివర్లో కాదు, మొదట్లోనే తెరిచి చూడండి. మీరెవరు, రోగికి మీరు ముందే తెలుసా లాంటివి అడుగుతుంది, అవి తర్వాత గుర్తుచేసుకుని రాయడం కష్టం.

9. ఆరు నెలలకి మళ్ళీ

వీలైతే అదే మనుషుల్ని ఆరు నెలలకి మళ్ళీ కలవండి. ఫోన్ నంబర్లు మారిపోతాయి, కాబట్టి మొదటిసారే వాళ్ళ ఇష్టప్రకారం రెండో నంబరు అడిగి ఉంచుకోండి. ఫోన్ ఇంట్లోవాళ్ళు ఎత్తితే “జుట్టు స్టడీ” అనకండి, ఏమని చెప్పాలో ముందే వాళ్ళనే అడిగి రాసుకోండి.

కార్డులు మళ్ళీ పరవండి. అప్పట్లో ఏది ఎంచుకున్నారో చెప్పకుండా అవే మూడు ప్రశ్నలు. చాలామంది గీత కదిలిపోయి ఉంటుంది. నిండు కార్డు అడిగినవాళ్ళు ఇప్పుడు నాలుగో కార్డు దగ్గరే “చాలు” అంటారు, మందు పనిచేసి కాదు, అలవాటుపడి. ఇంకొందరు సగం వచ్చాక ఆశ పెరిగి ఇంకా పైకి జరుపుతారు. వాళ్ళు చెప్పడం పూర్తయ్యాకే పాత జవాబు తీసి చూపించండి. “అప్పుడు ఇదన్నారు, ఇప్పుడు ఇదంటున్నారు, మధ్యలో ఏమైంది?” అని అడిగి పెన్ను కింద పెట్టేయండి. ఫ్యాన్ ఆపించిన అమ్మాయి ఆ ప్రశ్నకి చాలాసేపు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత ఇంకో కార్డు తీసి మధ్యలో పెట్టి, “నిజం చెప్పాలంటే అప్పుడు ఇది చాలు మేడమ్. మా అమ్మ ముందు కూర్చుందని నిండుది చూపించాను” అంది. ఆ రోజు తోడొచ్చినవాళ్ళ ఫారం ఉపాయం ఇంకా నాకు తట్టలేదు. రెండు జవాబులూ, రెండు తేదీలూ, గదిలో ఎవరున్నారో కూడా షీట్లో ఎక్కించండి.